డేటా సెంటర్ల చల్లదనానికి సర్కారు షరతులు: సింగపూర్ ఏం చేసింది, హైదరాబాద్, విశాఖ ఏం అడగాలి

2023 అక్టోబర్ 14, శనివారం మధ్యాహ్నం. సింగపూర్‌లో డీబీఎస్, సిటీ బ్యాంకుల యాప్‌లు ఆగిపోయాయి. ఏటీఎంలలో డబ్బు రాలేదు, దుకాణాల్లో కార్డులు పనిచేయలేదు. దాదాపు 25 లక్షల లావాదేవీలు పూర్తి కాలేదని అక్కడి ప్రభుత్వం తర్వాత పార్లమెంటుకు చెప్పింది. ఇది హ్యాకర్ల పని కాదు. ఆ బ్యాంకుల సర్వర్లు ఉన్న ఈక్వినిక్స్ డేటా సెంటర్‌లో కూలింగ్ వ్యవస్థను అప్‌గ్రేడ్ చేస్తున్నారు. ఆ పనిలో కాంట్రాక్టర్ పంపిన ఒక తప్పు సిగ్నల్‌తో చల్లటి నీటి ట్యాంకుల వాల్వులు మూసుకుపోయాయి. గదుల్లో వేడి పెరిగింది, సర్వర్లు ఆగిపోయాయి. బ్యాకప్ సెంటర్లకు మారబోతే అక్కడా వేరే చిక్కులు వచ్చాయి. అంతకు ముందే ఆ ఏడాది పలుమార్లు సేవలు ఆగిపోయిన డీబీఎస్‌పై సింగపూర్ కేంద్ర బ్యాంకు ఆరు నెలల పాటు ఆంక్షలు పెట్టింది.

దానికి ఏడాది ముందు, 2022 జూలై 19న లండన్‌లోనూ ఇలాగే జరిగింది. ఇంగ్లాండ్‌లో ఎండ చరిత్రలో మొదటిసారి 40 డిగ్రీలు దాటిన రోజు అది. లండన్‌లోని గూగుల్, ఒరాకిల్ క్లౌడ్ సెంటర్లలో కూలింగ్ తట్టుకోలేక కొన్ని సేవలు ఆగాయి. గైస్ అండ్ సెయింట్ థామస్ ఆస్పత్రుల సొంత కంప్యూటర్ గదులు కూడా అదే వేడికి మొరాయించడంతో డాక్టర్లు రోజుల తరబడి కాగితం మీద రాసుకోవాల్సి వచ్చింది.

డేటా సెంటర్ అనగానే మనకు కంప్యూటర్లే గుర్తొస్తాయి. కానీ ఆ భవనంలో కంప్యూటర్లకు దీటుగా పనిచేసేది చల్లబరిచే యంత్రాంగం. మనం ఫోన్‌పే చేసినా, గల్ఫ్‌లో ఉన్న అబ్బాయితో వీడియో కాల్ మాట్లాడినా, పిల్లలు ఏఐని ప్రశ్న అడిగినా ఎక్కడో ఒక సర్వర్ వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి తోయడానికి మళ్ళీ కరెంటు కావాలి, చాలాచోట్ల నీళ్ళు కావాలి. ఆ కరెంటు, నీళ్ళు ఎవరి వాటా నుంచి వస్తాయన్నదే అసలు ప్రశ్న. అందుకే కొన్ని దేశాలు కంపెనీల ఇష్టానికి వదిలేయకుండా షరతులు పెట్టాయి. హైదరాబాద్, విశాఖల్లో వేల కోట్ల డేటా సెంటర్లు వస్తున్న ఈ సమయంలో ఆ షరతులు ఏమిటో మనం కూడా తెలుసుకోవాలి.

పీయూఈ అంటే ఏమిటి

ఈ రంగంలో ఎక్కువగా వినిపించే మాట పీయూఈ. పూర్తి పేరు పవర్ యూసేజ్ ఎఫెక్టివ్‌నెస్. పేరు పెద్దదే గానీ లెక్క తేలిక. భవనం మొత్తం వాడిన కరెంటును, అందులో కంప్యూటర్లు మాత్రమే వాడిన కరెంటుతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. పీయూఈ 2 అంటే కంప్యూటర్‌కు ఒక యూనిట్ పెడితే ఏసీలు, యూపీఎస్‌లు, లైట్లు కలిపి మరో యూనిట్ తింటున్నాయని అర్థం. పీయూఈ 1.3 అయితే ఆ పై ఖర్చు 0.3 యూనిట్ మాత్రమే. 1 కంటే తగ్గడం కుదరదు.

అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ సర్వేల ప్రకారం ప్రపంచ సగటు 2007లో 2.5 ఉండేది, 2024 నాటికి 1.56కు వచ్చింది. కానీ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి ఆరేడేళ్ళలోనే అయిపోయింది. 2018లో 1.58, 2024లో 1.56. అంటే కదలిక లేనట్టే. పెద్ద కంపెనీలు మాత్రం చాలా ముందున్నాయి. గూగుల్ తన సొంత సెంటర్ల సగటు 1.09 అని ప్రకటించుకుంది. అంటే టెక్నాలజీ ఉంది, కాని అందరూ వాడటం లేదు. ప్రభుత్వ విధానానికి పని దొరికేది ఇక్కడే.

ఒక చిన్న లెక్క వేద్దాం. కంప్యూటర్ల లోడ్ 10 మెగావాట్లున్న ఒక సెంటర్‌ను తీసుకోండి. ఇప్పటి ప్రమాణాల్లో ఇది పెద్దదేమీ కాదు. పీయూఈ 1.6 నుంచి 1.3కు తగ్గిస్తే 3 మెగావాట్లు మిగులుతాయి. ఏడాదికి 8,760 గంటలు. అంటే దాదాపు 2 కోట్ల 63 లక్షల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇల్లు అనుకుంటే, సుమారు 11 వేల ఇళ్ళకు ఏడాది పొడవునా సరిపోయే కరెంటు అది. ఒక్క సెంటర్‌లో, కేవలం చల్లబరిచే పద్ధతి మార్చడం వల్ల.

సింగపూర్ ముందు తలుపు మూసింది

ఈ విషయంలో మనం చూడాల్సింది అమెరికా, స్వీడన్‌ల వైపు కాదు. అక్కడ చలికాలంలో కిటికీ తెరిస్తే సగం పని అయిపోతుంది. సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గర. ఏడాదంతా పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి కూడా ఉక్క తగ్గదు, గాలిలో తేమ 80 శాతానికి అటూ ఇటూ. విశాఖలో జూన్ నెల ఎలా ఉంటుందో అక్కడ ఏడాదంతా అలాగే. స్థలం చూస్తే 735 చదరపు కిలోమీటర్లు. కరెంటులో 95 శాతం దాకా గ్యాస్‌తోనే తయారవుతుంది, ఆ గ్యాస్ కూడా బయటి నుంచి రావాల్సిందే. అలాంటి చోట 70కి పైగా డేటా సెంటర్లు, 1.4 గిగావాట్లకు మించిన సామర్థ్యం చేరింది. 2020లో దేశం మొత్తం కరెంటులో 7 శాతం వీటికే పోయింది.

2019లో సింగపూర్ కొత్త డేటా సెంటర్లకు అనుమతులు ఆపేసింది. పెట్టుబడుల కోసం దేశాలన్నీ ఎర్ర తివాచీ పరుస్తుంటే వచ్చిన పెట్టుబడిని ఆగమనడం మామూలు విషయం కాదు. మూడేళ్ళ తర్వాత, 2022 జూలైలో తలుపు కొద్దిగా తెరిచింది. అదీ ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో కాదు. దరఖాస్తులు పిలిచి, పోటీ పెట్టింది. పీయూఈ 1.3 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, గ్రీన్ మార్క్ ప్లాటినం సర్టిఫికెట్ రావాలి, దేశానికి ఆర్థికంగా ఏం ఒరుగుతుందో చూపించాలి. 2023 జూలైలో నలుగురికి మాత్రమే అవకాశం దక్కింది. ఈక్వినిక్స్, జీడీఎస్, మైక్రోసాఫ్ట్, నాలుగోది ఎయిర్‌ట్రంక్, బైట్‌డ్యాన్స్ కలిసి వేసిన దరఖాస్తు. నలుగురికీ కలిపి ఇచ్చింది 80 మెగావాట్లే.

2024 మే 30న గ్రీన్ డేటా సెంటర్ రోడ్‌మ్యాప్ వచ్చింది. దగ్గరి కాలంలో కనీసం 300 మెగావాట్లు అదనంగా ఇస్తామని, స్వచ్ఛమైన కరెంటు తెచ్చుకునేవారికి ఇంకా ఎక్కువ ఇస్తామని అందులో ఉంది. ముఖ్యమైన మాట వేరే ఉంది. కొత్తవే కాదు, పాత సెంటర్లు కూడా పదేళ్ళలో పూర్తి లోడ్ దగ్గర పీయూఈ 1.3కు రావాలన్నది లక్ష్యం. పాత భవనాలను వదిలేసి కొత్తవాటికే నియమాలు పెట్టడం ప్రభుత్వాలకు సుఖం. సింగపూర్ ఆ సుఖం తీసుకోలేదు.

అయితే దీనికి మరో ముఖం కూడా ఉంది. సింగపూర్‌లో తలుపు మూసుకున్న కాలంలో కంపెనీలు వంతెన దాటి మలేషియాలోని జొహోర్‌కు, సముద్రం దాటి ఇండోనేషియాలోని బాతమ్‌కు వెళ్ళాయి. వాటికి కావాల్సిన కరెంటు, నీళ్ళ భారం అక్కడ పడింది. ఒక్క చోట కట్టడి చేస్తే వేడి పక్కింటికి పోతుందన్న మాట. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, మహారాష్ట్ర ఒకే కంపెనీ కోసం పోటీపడుతున్నప్పుడు ఏ ఒక్క రాష్ట్రమూ గట్టి షరతు పెట్టడానికి ఎందుకు జంకుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. షరతు ఢిల్లీ నుంచి అందరికీ ఒకేలా రావాలని నిపుణులు అనేది అందుకే.

ఏసీ 24 మీద పెట్టమన్నట్టే

సింగపూర్ తీసుకొచ్చిన వాటిలో అన్నిటికన్నా చవకైనది, నా దృష్టిలో తెలివైనది కూడా, 2023 జూన్‌లో ప్రకటించిన ఉష్ణమండల ప్రమాణం. దాని నంబర్ ఎస్ఎస్ 697. చాలా సెంటర్లు గదిని 22 డిగ్రీలు, అంతకంటే తక్కువ దగ్గర ఉంచుతాయి. దాన్ని మెల్లమెల్లగా 26 డిగ్రీలు, ఆ పైకి పెంచుకుంటూ పోవాలని, పెంచేటప్పుడు సర్వర్లు దెబ్బ తినకుండా ఏమేం చూసుకోవాలని ఆ ప్రమాణం చెబుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే కూలింగ్ కరెంటులో 2 నుంచి 5 శాతం మిగులుతుందని అధికారుల అంచనా.

ఇది మనకు కొత్త మాట కాదు. మన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ, అంటే బీఈఈ, 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న ఇంటి ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నియమం పెట్టింది. డిగ్రీకి 6 శాతం కరెంటు ఆదా అని అప్పుడు చెప్పారు. ఇంట్లో రిమోట్ పట్టుకుని 18 పెట్టే పిల్లలను మనం కసురుకుంటాం. పెద్ద పెద్ద కంపెనీలు అదే పని ఏళ్ళ తరబడి చేశాయి.

ఎందుకు చేశాయి? భయం. సర్వర్ పాడైతే కస్టమర్ ఊరుకోడు, కరెంటు బిల్లు మాత్రం ఎలాగూ కస్టమర్ మీదే పడుతుంది. నిజానికి సర్వర్లు అంత సుకుమారమైనవి కావు. ఈ రంగానికి ప్రమాణాలు రాసే అమెరికా ఇంజనీర్ల సంఘం ఆశ్రే 2008లోనే సర్వర్‌లోకి వెళ్ళే గాలి 18 నుంచి 27 డిగ్రీల దాకా ఉండవచ్చని చెప్పింది. పదిహేనేళ్ళ తర్వాత కూడా చాలామంది 27 దగ్గరికి వెళ్ళలేదంటే అడ్డు టెక్నాలజీ కాదు, కాంట్రాక్టులు. కస్టమర్‌తో రాసుకున్న ఒప్పందంలో 22 అని ఉంటే నడిపేవాడు 26 ఎలా పెడతాడు? ప్రభుత్వం ఒక ప్రమాణం చేతికిస్తే ఆ ఒప్పందం తిరగరాయడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇక్కడే ఒక మోసం కూడా ఉంది. గది వేడి పెంచితే సర్వర్ లోపలి చిన్న ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి. ఆ ఫ్యాన్ల కరెంటు పీయూఈ లెక్కలో కంప్యూటర్ ఖాతాలో పడుతుంది. అంటే మొత్తం కరెంటు పెద్దగా తగ్గకపోయినా పీయూఈ అందంగా కనిపించవచ్చు. అలాగే పూర్తి లోడ్ దగ్గర 1.3 అని డిజైన్ కాగితం మీద చూపించిన సెంటర్ సగం ఖాళీగా నడిస్తే అసలు సంఖ్య చాలా పైన ఉంటుంది. చిల్లర్లు, పంపులు లోడ్ తగ్గినంతగా కరెంటు తగ్గించుకోలేవు. కాబట్టి ఎవరైనా మా పీయూఈ 1.3 అంటే, అది కాగితం మీదా, ఏడాది మీటర్ రీడింగ్ ప్రకారమా అని అడగాలి.

కుండ నీళ్ళ లెక్క

పీయూఈ దాచిపెట్టే ఇంకో పెద్ద విషయం నీళ్ళు. ఎండాకాలంలో మట్టి కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. పైన చెమ్మ ఆరిపోతూ వేడిని పట్టుకుపోతుంది. పాత హైదరాబాద్ ఇళ్ళల్లో గుమ్మాలకు కట్టి నీళ్ళు చల్లే వట్టివేళ్ళ తడకలు, ఖస్ తట్టీలు, చేసింది కూడా అదే. డేటా సెంటర్ పైకప్పు మీద ఉండే కూలింగ్ టవర్ వాటికి పెద్దన్న. నీళ్ళను ఆవిరి చేస్తే చిల్లర్ పని తగ్గుతుంది, కరెంటు మిగులుతుంది, పీయూఈ బాగుంటుంది. కానీ ఆవిరైన నీళ్ళు తిరిగి రావు.

ఎంత? భౌతిక శాస్త్రం లెక్కే చెబుతుంది. ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ వేడిని తీసుకుపోతుంది. ఒక మెగావాట్ సర్వర్ల వేడిని పూర్తిగా ఇలాగే తోయాలంటే రోజుకు సుమారు 36 వేల లీటర్లు ఆవిరి కావాలి. టవర్‌లో ఉప్పు పేరుకోకుండా పారబోసే నీళ్ళు దీనికి అదనం. 5 వేల లీటర్ల ట్యాంకర్ అనుకుంటే మెగావాట్‌కు రోజూ ఏడు ట్యాంకర్లు. 50 మెగావాట్లకు 350 ట్యాంకర్లు. మే నెలలో ఒక్క ట్యాంకర్ కోసం జలమండలికి బుక్ చేసి రెండు రోజులు ఎదురుచూసిన కుటుంబాలకు ఈ సంఖ్య బరువు వేరే చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ గాలి ఎండాకాలంలో పొడిగా ఉంటుంది. అందుకే ఇక్కడ మామూలు ఎయిర్ కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, విశాఖలో అదే కూలర్ పెడితే చెమట ఆరదు. డేటా సెంటర్‌కూ ఇదే సూత్రం. ఆవిరి పద్ధతి హైదరాబాద్‌కు బాగా సరిపోతుంది, కానీ అది బాగా పనిచేసే నెలలే నీళ్ళకు కటకట ఉండే నెలలు. నీళ్ళు వద్దనుకుని గాలితోనే చల్లబరిచే చిల్లర్లు పెడితే 42 డిగ్రీల ఎండలో కరెంటు ఎక్కువ తాగుతాయి. రెండూ ఒకేసారి తక్కువ కావడం కష్టం. కరెంటా, నీళ్ళా అన్నది ఇంజనీర్ ఒక్కడే తేల్చాల్సిన విషయం కాదు, ఊరు కూడా తేల్చాలి.

సింగపూర్ రోడ్‌మ్యాప్ ఈ విషయాన్ని వదలలేదు. కరెంటుకు పెట్టినట్టే నీళ్ళకూ కొలత పెట్టింది. ఒక మెగావాట్ అవర్‌కు 2 క్యూబిక్ మీటర్లు, అంటే 2 వేల లీటర్లు, లేదా అంతకంటే తక్కువకు తేవాలన్నది లక్ష్యం. పైగా అక్కడ మురుగునీటిని శుద్ధి చేసి పరిశ్రమలకు ఇచ్చే న్యూవాటర్ వ్యవస్థ ముందే ఉంది. మన దేశంలోనూ ఇలాంటిది ఉంది. చెన్నైలో కోయంబేడు, కొడుంగయ్యూర్‌లలో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లు 2019 నుంచి పరిశ్రమలకు నీళ్ళు ఇస్తున్నాయి. తాగే నీళ్ళతో సర్వర్లను చల్లబరచాల్సిన అవసరం లేదని దీన్ని చూస్తే తెలుస్తుంది. పైపులైన్ ఎవరు వేయాలన్నదే పేచీ.

జర్మనీ వేడిని అమ్మమంటోంది

యూరప్ దారి వేరు. అక్కడ షరతు పెట్టింది చట్టం. జర్మనీ ఎనర్జీ ఎఫిషియన్సీ చట్టం 2023 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. 300 కిలోవాట్లు, ఆ పైన ఉన్న డేటా సెంటర్లన్నీ దాని కిందికి వస్తాయి. 2026 జూలై 1 నుంచి మొదలయ్యే కొత్త సెంటర్లు పీయూఈ 1.2కు చేరాలి. పాతవి 2027 జూలై నాటికి 1.5, 2030 జూలై నాటికి 1.3. తప్పితే లక్ష యూరోల దాకా జరిమానా ఉంది.

ఇంకో షరతు ఆసక్తికరమైనది. కొత్త సెంటర్లు తమ వేడిలో 10 శాతాన్ని మళ్ళీ పనికొచ్చేలా ఎవరికైనా ఇవ్వాలి. 2028లో మొదలయ్యేవాటికి అది 20 శాతం. చలిదేశం కాబట్టి ఆ వేడితో ఇళ్ళు, స్విమ్మింగ్ పూల్స్ వెచ్చబెట్టుకోవచ్చు. ఐర్లండ్‌లోని డబ్లిన్ దగ్గర టాలా ప్రాంతంలో అమెజాన్ సెంటర్ వేడితో ప్రభుత్వ భవనాలను వెచ్చగా ఉంచుతున్నారు కూడా. మనకు ఇది పెద్దగా పనికిరాదు. మే నెలలో వేడి ఇస్తామంటే ఉప్పల్‌లో ఎవరు తీసుకుంటారు? విధానాన్ని కాపీ కొట్టేటప్పుడు వాతావరణం కూడా చూసుకోవాలని చెప్పడానికే ఈ మాట.

ఐర్లండ్ పేరు వచ్చింది కాబట్టి ఒక సంఖ్య. అక్కడ 2015లో మీటర్ మీద నమోదైన కరెంటులో డేటా సెంటర్ల వాటా 5 శాతం. 2023 నాటికి 21 శాతం. ఆ దేశ పట్టణాల్లో ఇళ్ళన్నీ కలిపి వాడినదాని కంటే ఎక్కువ. ఎనిమిదేళ్ళలో ఇంత మార్పు వస్తుందని మొదట్లో ఎవరూ అనుకోలేదు.

యూరోపియన్ యూనియన్ మొత్తానికి వర్తించే నియమం మరీ కఠినం కాదు, కానీ ఉపయోగకరం. 500 కిలోవాట్లు దాటిన ప్రతి సెంటర్ ఎంత కరెంటు, ఎంత నీళ్ళు వాడిందో ఏటా లెక్క చెప్పాలి. మొదటి లెక్కల గడువు 2024 సెప్టెంబర్ 15తో ముగిసింది. చైనా మాత్రం పైనుంచి ఆదేశం ఇచ్చే పద్ధతి. 2025 చివరికి దేశ సగటు పీయూఈ 1.5 కంటే తగ్గాలని 2024లో ప్రణాళిక ప్రకటించింది.

మన దగ్గర పరిస్థితి

హైదరాబాద్ ఈ రంగంలో కొత్తది కాదు. తెలంగాణ 2016లోనే డేటా సెంటర్లకు విడిగా ఒక విధానం తెచ్చింది. 2022 నవంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్ మొదలైంది. 2025 జనవరిలో దావోస్‌లో ఆ కంపెనీ తెలంగాణలో 60 వేల కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ కూడా ఇక్కడే పెద్ద ఎత్తున కడుతోంది. ఆంధ్రప్రదేశ్ 2024-29 కాలానికి తన డేటా సెంటర్ విధానాన్ని ప్రకటించింది. 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ కడతామని చెప్పింది.

కేంద్రం 2020 నవంబర్‌లో డేటా సెంటర్ విధానం ముసాయిదా విడుదల చేసింది. 2022లో డేటా సెంటర్లకు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ హోదా ఇచ్చింది. దాంతో వాటికి అప్పులు తేలిగ్గా, చవకగా దొరుకుతాయి. రాష్ట్రాల విధానాల్లో కూడా ప్రధానంగా కనిపించేది భూమి, కరెంటు సుంకం, స్టాంపు డ్యూటీ రాయితీలే. సింగపూర్, జర్మనీల్లాగా ఈ సంఖ్య దాటితే అనుమతి లేదని చెప్పే ఒకే జాతీయ పీయూఈ పరిమితి మన దగ్గర రాలేదు. రాయితీ ఇస్తున్నది ప్రజల సొమ్ముతో కాబట్టి, దానికి బదులుగా పీయూఈ, నీళ్ళ లెక్క అడగడం బేరంలో న్యాయమైన భాగమే.

అలాగని అసలేమీ లేదనుకోవద్దు. 2019 మార్చిలో వచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ 2037-38 నాటికి చల్లదనానికి అయ్యే కరెంటును 25 నుంచి 40 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. అది ఇళ్ళు, ఆఫీసులు, కోల్డ్ స్టోరేజీలు అన్నిటికీ కలిపి. బీఈఈ 2018లో చిల్లర్లకు కూడా స్టార్ లేబుల్ పథకం మొదలుపెట్టింది. ఫ్రిజ్‌కు చుక్కలు చూసి కొన్నట్టే చిల్లర్‌కూ చూడవచ్చు. ఏసీల్లో వాడే గ్యాస్ విషయంలో భారత్ 2021లో కిగాలీ ఒప్పందాన్ని ఆమోదించింది. దాని ప్రకారం వాతావరణాన్ని వేడెక్కించే హెచ్ఎఫ్‌సీ గ్యాసుల వాడకం 2032 నుంచి దశలవారీగా తగ్గి 2047 నాటికి 85 శాతం పడిపోవాలి. చిల్లర్ ఒకసారి పెడితే ఇరవై ఏళ్ళు ఉంటుంది. ఇవాళ పాత గ్యాసుతో పెట్టిన యంత్రం ఆ గడువుల మధ్యలో ఇరుక్కుంటుంది.

విశాఖకు సముద్రం ఉంది కదా అన్న మాట కూడా వినిపిస్తోంది. ఫిన్లాండ్‌లోని హమీనాలో గూగుల్ పాత కాగితం మిల్లును డేటా సెంటర్‌గా మార్చి 2011 నుంచి సముద్రపు నీళ్ళతోనే చల్లబరుస్తోంది. కానీ అక్కడి సముద్రం మంచు కట్టే సముద్రం. బంగాళాఖాతం పై నీరు ఏడాదిలో చాలా భాగం 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. గాలిని చల్లబరచడానికి ఆ నీరు నేరుగా సరిపోదు. పైగా వేడెక్కిన నీటిని తిరిగి తీరంలో వదిలితే చేపల మీద ఏం ప్రభావం పడుతుందో చేపలు పట్టి బతికేవాళ్ళు అడుగుతారు, అడగాలి కూడా.

ఏఐ వచ్చి లెక్క మార్చింది

మామూలు సర్వర్ బీరువా, దాన్నే రాక్ అంటారు, 5 నుంచి 10 కిలోవాట్లు వాడేది. ఎన్విడియా ఏఐ చిప్పులతో నిండిన కొత్త రాక్ ఒక్కటే 120 కిలోవాట్ల దాకా వాడుతుంది. బీరువా అంత జాగాలో వందకు పైగా ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి ఆన్ చేసినట్టు. దాన్ని గాలి ఊది చల్లబరచడం కుదరదు. చిప్ మీదికే పైపుల్లో ద్రవం పంపి వేడిని లాగుతారు.

ఇది ఒక రకంగా మనలాంటి వేడి ప్రాంతాలకు మేలే. గాలి కంటే ద్రవం వేడిని చాలా ఎక్కువగా మోస్తుంది కాబట్టి, లోపలికి పంపే నీళ్ళు 30 డిగ్రీల పైన ఉన్నా సరిపోయే డిజైన్లు ఉన్నాయి. అప్పుడు ఏడాదిలో చాలా రోజులు చిల్లర్ ఆన్ చేయకుండానే నడపవచ్చు. పైపుల్లో తిరిగే నీళ్ళు మూసిన వలయంలో ఉంటాయి, ఖర్చు కావు. ఖర్చయ్యేది బయట ఆ వేడిని వదిలే చోట. కంపెనీ ప్రతినిధి మాది క్లోజ్డ్ లూప్ అన్నంత మాత్రాన నీళ్ళు వాడటం లేదని కాదు. బయట కూలింగ్ టవర్ ఉందా, డ్రై కూలర్ ఉందా అని రెండో ప్రశ్న వేయాలి.

మొత్తం కరెంటు మాత్రం తగ్గేలా లేదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ డేటా సెంటర్లు 415 టెరావాట్ అవర్లు వాడాయి, ప్రపంచ కరెంటులో ఇది ఒకటిన్నర శాతం. 2030కి ఇది 945కు చేరవచ్చని అంచనా. పొదుపు చేసిన ప్రతి యూనిట్‌ను కొత్త సర్వర్లు తినేస్తున్నాయి. అందుకే పీయూఈ ఒక్కటే సరిపోదని, మొత్తం మీద ఒక పరిమితి కూడా ఉండాలని వాదించేవారు ఉన్నారు. సింగపూర్ మెగావాట్లు లెక్కపెట్టి ఇచ్చింది అందుకే.

పిల్లల చదువుకు సంబంధించి ఒక మాట

డేటా సెంటర్‌లో ఉద్యోగాలు అనగానే సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. నిజానికి కట్టడం అయిపోయాక ఆ భవనంలో రాత్రింబవళ్ళు ఉండేవాళ్ళలో ఎక్కువమంది ఎలక్ట్రికల్, కూలింగ్ పనివాళ్ళు, భద్రతా సిబ్బంది. వేల కోట్ల పెట్టుబడికి ఉద్యోగాల సంఖ్య చిన్నదే, ఆ విషయంలో ఆశలు మరీ పెంచుకోకూడదు. కానీ ఏసీ పని తెలిసినవారికి ఇది మెట్టు ఎక్కే అవకాశం. ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ ట్రేడ్ రెండేళ్ళ కోర్సు. మన కుటుంబాల్లో ఈ పని నేర్చుకుని గల్ఫ్‌కు వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. విండో ఏసీ, స్ప్లిట్ ఏసీ దగ్గర ఆగకుండా చిల్లర్లు, పంపులు, కంట్రోల్ సిస్టమ్‌లు నేర్చుకున్నవారికి ఇక్కడా, అక్కడా గిరాకీ ఉంటుంది. కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష మంది టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వాలని రాసుకుంది కూడా.

లెక్కలు ఎక్కడ దొరుకుతాయి

20 వేల చదరపు మీటర్లు, ఆ పైన కట్టే భవనాలకు 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తప్పనిసరి. పెద్ద డేటా సెంటర్లు దీని కిందికే వస్తాయి. భవన నిర్మాణాలకు బహిరంగ విచారణ పెట్టాల్సిన పని లేదని అదే నోటిఫికేషన్ మినహాయించింది. ఫ్యాక్టరీకి పెట్టినట్టు ఊరి మధ్య టెంట్ వేసి ప్రజల మాట వినరన్న మాట. కానీ కాగితాలు మాత్రం కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేశ్ పోర్టల్‌లో ఉంటాయి. దరఖాస్తులో ఎంత కరెంటు లోడ్, రోజుకు ఎన్ని కిలోలీటర్ల నీళ్ళు, అవి ఎక్కడి నుంచి, ఎన్ని డీజిల్ జనరేటర్లు అన్నవి రాయాలి. అనుమతి వచ్చాక ఆరు నెలలకోసారి షరతులు పాటించామని నివేదిక ఇవ్వాలి. ఇవి దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు 10 రూపాయలతో వేయవచ్చు. జలమండలిని కనెక్షన్ సైజు, నెలవారీ వాడకం అడగవచ్చు. డిస్కమ్‌ను మంజూరైన లోడ్ అడగవచ్చు. ఏడాది సగటు పీయూఈ, ఆవిరైన నీళ్ళు, శుద్ధి చేసిన నీటి వాటా, ఈ మూడు సంఖ్యలూ చేతికి వస్తే కార్పొరేటర్‌తోనో ఎమ్మెల్యేతోనో మాట్లాడటానికి అది చాలు.